తువ్వాల కింది మాట

వనపర్తి
4 మే 1941

అక్కా,

నీకు, బావకు దండాలు. నాలుగు నెలలుగా ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటావు. పగలంతా వేరుశనగ మండీలో సంచులు కుట్టడం, సాయంత్రం పఠనమందిరం తలుపులు తీసి కూర్చోవడం, ఈ రెండింటికే రోజు చాలడం లేదు. నాగర్‌కర్నూలులో బడిపంతులు ప్రభుదాసు అని నాకొక కొత్త స్నేహితుడు. పదిహేను రోజులకొకసారి వెట్టి మీద, దోపిడీ మీద అచ్చయిన కరపత్రాల కట్ట తెస్తాడు. తెచ్చిన నాడే అన్నీ చదివేస్తాను. చదివిన కొద్దీ ఒళ్లు మండుతుంది.

మండటం ఒక్కటే అయితే నీకు రాసేవాణ్ణి కాదు. నిన్న ఒక పని చేశాను. నాన్న పోయాక నా మంచిచెడ్డలు చెప్పుకోవడానికి నువ్వే ఉన్నావు.

నిన్న శనివారం పెబ్బేరు సంతకు పోయాను. ఎడ్ల బేరం ఎట్లా చేస్తారో నీకు తెలుసు. దలాలి, కొనేవాడు చేతులు కలుపుతారు, మీద తువ్వాల కప్పుతారు, లోపల వేళ్లు నొక్కుకుంటారు. నోరు పలకదు. పక్కన నిలబడ్డవాళ్లు ఆకాశం చూస్తూ ఉండాలి. చిన్నప్పుడు నాన్న వెంట పోయి చూస్తే అదేదో గారడీలా ఉండేది. ఇప్పుడు చూస్తే మోసంలా కనబడింది. రైతు ఎద్దు, రైతు కష్టం. దాని ధరను గుడ్డ కింద తేల్చడమేమిటి? మంచి పనికి చాటు ఎందుకు? నిజం ఎండలో నిలబడాలని మొన్నటి కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చయింది.

దలాలి రజాక్‌ను నువ్వెరుగుదువు. నాన్న మనల్ని మామా అని పిలవమనేవాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఆయన చేతి మీద తువ్వాల మెల్లగా కదులుతోంది. నాకిక నిలవబుద్ధి కాలేదు. పోయి ఒక్క గుంజు గుంజాను. ఆయన పిడికిట్లో అవతలివాడి రెండు వేళ్లు అట్లాగే దొరికాయి. "చూడుండ్రి, ఎద్దు ధర గిదంట. చెప్పేదేదో పదిమంది ముందట చెప్పుండ్రి" అని కేక పెట్టాను. సంతంతా మూగింది. కొనేవాడు చెయ్యి విదిలించుకుని లేచిపోయాడు. రజాక్ మామ చాచిన చేతిని కాసేపు అట్లాగే గాలిలో ఉంచుకున్నాడు.

తువ్వాల నా చేతిలోనే ఉండిపోయింది. ఎర్రంచు గద్వాల తువ్వాల. ఒక మూల చిరిగితే నల్లదారంతో చేపముల్లులాగ కుట్టు వేసి ఉంది. పఠనమందిరం గోడకు మేకు కొట్టి తగిలించాను. కింద కాగితం మీద "దాపరికపు జెండా" అని రాసి అంటించాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు.

మనిషి ఎట్లా బతకాలన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే ఉందక్కా. దాచకుండా బతకాలి.

నీ తమ్ముడు
కురుమయ్య


ధరూరు
12 మే 1941

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అరుగు మీద బొగ్గుతో నువ్వు దిద్దించిన అక్షరాలే కనుక నీ రాత నాకు కష్టం కాదు. రాయడమే ఆలస్యం.

ఇక్కడ ఎండలు మెండు. కృష్ణలో నీళ్లు మోకాలి లోతుకు పడిపోయాయి, జనం పుట్టి లేకుండానే దాటుతున్నారు. మీ బావకు కాలు కొంచెం నొప్పిగా ఉంది. తగ్గుతుంది. ఎదురింటి రేణుకమ్మ, మొగుడు పోయినప్పటి నుంచి ఒంటెద్దుతో సొంత పొలం సేద్యం లాగుతున్నదే, ఆమె నిన్ను అడిగింది. "నీ తమ్ముడు ఇంకా గట్లనే కొట్లాడుతుండా" అంది. ఆ ఒక్కటీ మానలేదన్నాను.

నువ్వు రాసేవి పెద్ద మాటలు. నేను చిన్న సంగతి అడుగుతాను. తువ్వాల గురించి అంచు మొదలు కుట్టు దాకా రాశావు. ఎద్దు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎద్దు ఏ రంగుది? దాని పక్కన ఎవరున్నారు?

ఇంకొకటి. ఆ తువ్వాలను మేకు నుంచి తీసి మడిచి పెట్టు. వేలాడదీస్తే కుట్టు వీడిపోతుంది.

వేళకు తిను.

అక్క
బాలనాగమ్మ


వనపర్తి
18 మే 1941

అక్కా,

ఎద్దును నేను చూడలేదు. ఒప్పుకుంటున్నాను. తెల్లదో ఎర్రదో, పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఎద్దుతో నాకేం పని? నేను కొట్లాడింది ఒక చెడ్డ ఆచారంతో. ఊరంతా చీకట్లో ఉంటే నువ్వు దీపపు బుడ్డి రంగు అడిగినట్టుంది. నీలాంటివాళ్ల ఓపిక వల్లే ఈ దేశంలో ప్రతి తప్పుకూ ఒక తువ్వాల దొరుకుతోంది. కోపం తెచ్చుకోకు, మనసులో ఉన్నది రాస్తున్నాను. దాచకూడదని నిర్ణయించుకున్నాను కదా.

నిన్న రజాక్ మామ పఠనమందిరానికి వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచాడు. గోడ ముందు నిలబడి, ఆ కాగితం మీద ఏముందో పక్కవాడితో చదివించుకున్నాడు. పదిమంది చూస్తున్నారు. తిడతాడనుకుని నేనూ మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి "తువ్వాల ఇయ్యి బేటా" అన్నాడు.

నీదా అని అడిగాను.

"నాది కాదు. అందుకే అడుగుతున్న."

ఎవరిదో చెబితే వాళ్లకే ఇస్తానన్నాను. ఆయన నవ్వాడు. "చెప్పేటిదే అయితే తువ్వాల ఎందుకు కప్పుత?" అన్నాడు.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. అమ్ముకునే మనిషి సంతకు రాలేకపోతే తన తువ్వాల పంపిస్తాడట. తువ్వాల వస్తే మనిషి వచ్చినట్టేనట. బేరం దాని కిందనే జరగాలట. తాత తండ్రుల నాటి పద్ధతి అన్నాడు. మనిషికి నోరుంది, తువ్వాలకు లేదు, ఆ పద్ధతి మీకు నచ్చింది అందుకే అన్నాను. విన్నవాళ్లు నవ్వారు. నేను గెలిచాననే అనుకున్నాను.

లేచేటప్పుడు ఆయన నా ముఖం చాలాసేపు చూశాడు. "మీ నాయిన కోపం నీకొచ్చింది. ఆయన చెయ్యి రాలే" అని, చెప్పులు తొడుక్కుని పోయాడు.

ఆ మాట అప్పటి నుంచి ముల్లులా గుచ్చుతోంది. నాన్న చేతిలో ఏముంది? ఆయన గుణమంతా కోపమే అని ఊరంతా అనేది. నువ్వు నాకన్నా పదేళ్లు పెద్దదానివి. నీకు ఏమైనా తెలిస్తే రాయి.

తువ్వాల ఇవ్వలేదు. గోడకే ఉంది.

కురుమయ్య


ధరూరు
24 మే 1941

తమ్మీ,

ఈ సంగతి నీకు రాయకూడదనుకున్నాను. దాపరికం పడదంటివి కనుక రాస్తున్నాను.

తువ్వాల మీ బావది. నల్లదారం కుట్టు నాది. ఎద్దు మాది.

చైత్రంలో మోట తోలుతూ బావ బావిలోకి జారిపడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టించాం, అతకలేదు. కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోక తప్పదన్నారు. అందుకే ఒక ఎద్దును అమ్మాలనుకున్నాం. నీకు తెలిస్తే పరుగెత్తుకొస్తావు, వచ్చి ఎవరితోనో ఒకరితో తగవు పెట్టుకుంటావు. అందుకని రాయలేదు.

మేం దున్నే ఆరెకరాలు పటేలువి. మాకున్న ఆధారం ఆ కౌలు ఒక్కటే. ఏటా మృగశిర రాగానే పొలం గట్టున ఎద్దుల జోడును నిలబెట్టి చూపిస్తేనే ఆయన కౌలు మాట ఇస్తాడు. ఒంటెద్దు వాడికి ఇవ్వడు. రేణుకమ్మ ఎద్దును మా ఎద్దుకు జోడు కట్టి, రెండిళ్ల పొలాలూ వంతుల మీద దున్నుకుందామని ఆమే నేనూ మాట అనుకున్నాం. పటేలు జోడును చూస్తాడు గాని ఎవరి ఎద్దులని ఎన్నడూ అడగడు. అడగని మాట చెప్పకపోవడం అబద్ధం కాదా అని నువ్వడుగుతావు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. జవాబు దొరకలేదు. మృగశిర మాత్రం వస్తోంది.

అందుకే ఇక్కడ కాదని ఎద్దును ఏటి అవతలకు పంపాం. రజాక్ మామతో బావ అన్నది ఒకటే మాట. "ఎవరిదని మాత్రం చెప్పకు మామా." తువ్వాల పంపింది అందుకే. బేరం గుట్టుగా సాగుతున్నంతసేపు ఆ ఎద్దును ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు కేక పెట్టాక సంతంతా మూగింది. అందులో ధరూరు వాళ్లూ ఉన్నారు. ఎద్దును పోల్చుకున్నారు. నా కన్నా ముందే పటేలుకు కబురందింది. "ఒంటెద్దు కాపుకు పొలం ఎట్లిస్త" అన్నాడట. ఇంకో ఇద్దరు అప్పుడే పోయి ఆ కౌలు తమకిమ్మని అడిగి వచ్చారు.

రజాక్ మామ మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఖిల్లా ఘణపూరులో ఒక మంచి రైతుకు ఎద్దును ఇప్పించాడు. దవాఖాన సంగతి అట్లా గట్టెక్కింది. పొలం సంగతి తెల్వదు. ఆయన నీ దగ్గరికి వచ్చి అంతమందిలో మాట పడ్డది మీ బావకు ఇచ్చిన మాట కోసం. ఒక్క పేరు చెబితే నువ్వు ఆయన కాళ్ల మీద పడేవాడివి. చెప్పలేదు.

నీ మీద కోపం లేదని రాయబోయాను. అది అబద్ధం. ఉంది. తగ్గినప్పుడు రాస్తాను.

అక్క


వనపర్తి
27 మే 1941

అక్కా,

మండీలో సంచుల మీద కూర్చుని చదివాను. చదివాక సూది సంచికే వదిలి పఠనమందిరానికి పోయాను.

తువ్వాల తీశాను. కాగితం చింపేశాను. కుట్టు వీడలేదు.

నేను బయలుదేరి వస్తున్నాను. పటేలు వాకిలి ముందు నిలబడి, తప్పు మా బావది కాదు, నాది అని పదిమందిలో చెబుతాను. వాళ్లు ఏమన్నా పడతాను.

కురుమయ్య


ధరూరు
30 మే 1941

తమ్మీ,

మళ్లీ పదిమందా? నీ తప్పును కూడా సంతలోనే దించాలా?

నీ మనసు తేలిక కావడానికి అరుస్తావు. విన్న పటేలు ఇంకా బిగుస్తాడు. పదిమంది ముందు కాదన్న మనిషి పదిమంది ముందు అవునని ఎట్లా అంటాడు?

ఎల్లుండి మేం కర్నూలు పోతున్నాం. గద్వాల దాకా బండి, అక్కడ రైలు. ఎన్నాళ్లవుతుందో. నువ్వు రా. కాని ముందు రజాక్ మామ దగ్గరికి పో. తువ్వాల ఆయన చేతికి ఇయ్యి. ఆయన ఏం చెబితే అది చెయ్యి. ఇంటి తాళంచెవి రేణుకమ్మ దగ్గర ఉంటుంది. మిగిలిన ఎద్దు జోడు కోసం తల తిప్పి తిప్పి చూస్తోంది. మెడ కింద గోకితే కుదురుగా ఉంటుంది.

నాన్న సంగతి అడిగావు. ఆయనకు కోపం ఉన్న మాట నిజమే. పొయ్యిలో నిప్పులాంటి కోపం, దాని మీద వంట అయ్యేది. నీది ఇంకా గడ్డివాముల మధ్య తిరుగుతోంది. ఆయన చెయ్యి గురించి నేను చెబితే తెలిసేది కాదు. రజాక్ మామకే తెలుసు. సంతలో నాన్న చెయ్యి ముప్పై ఏళ్లు తువ్వాల కింద పట్టుకున్నది ఆయనే.

అక్క


ధరూరు
9 జూన్ 1941

అక్కా, బావా,

పొలం మనదే. మిగతా సంగతి నింపాదిగా చదవండి.

తువ్వాల ఇవ్వబోతే రజాక్ మామ తీసుకోలేదు. "నీ తాననే ఉండనియ్యి, పని పడుతది" అన్నాడు. నేను ఏదో చెప్పుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువయ్యేది.

రెండు వానలు పడి కృష్ణ కొంచెం లేచింది. పుట్టి ఎక్కాం. అది గిరగిర తిరుగుతుంటే ఆయన నా చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్ల లెక్క నేర్పాడు. ఏ వేలు పట్టుకుంటే ఏ మాట, సగం వేలు నొక్కితే ఏ మాట, అరచేతిలో గీత గీస్తే ఏ మాట. నేను బలమంతా చూపించాను. "గట్ల పిసుకకు, గది గొర్రె పొదుగు కాదు" అన్నాడు. పుట్టివాడు తెడ్డు ఆపి మరీ నవ్వాడు.

ధరూరు ఒడ్డున దిగాక ఒకటే చెప్పాడు. "నోరు ఇంటికాడ ఇడిసి రా. చెయ్యి ఒక్కటి తెచ్చుకో."

నిన్న పొద్దున్నే మన ఎద్దును, రేణుకమ్మ ఎద్దును గట్టున నిలబెట్టాను. ఆమెది జానెడు పొట్టి. పటేలు నలుగురు కాపులను వెంటబెట్టుకుని వచ్చాడు. జోడు చుట్టూ ఒకసారి తిరిగి, ఎన్నడూ అడగని మాట అందరికీ వినపడేట్టు అడిగాడు. "గీ రెండూ ఒక్కింటియేనా?"

"కాదు, రెండిళ్లవి" అన్నాను. నువ్వు ఏమనుకుంటావోనని భయమేసింది. కాని అడిగిన మాటకు అబద్ధం చెప్పలేనక్కా. అరవకుండా చెప్పాను.

"ఒంటెద్దు కాపుకు పొలమిస్తే ఊరు నన్ను చూసి నవ్వదా? రేపు ఇంకొకడు బర్రెను కట్టుకోని వస్తడు" అన్నాడు పటేలు. నలుగురూ నవ్వారు. చదివిన కరపత్రాలన్నీ నాలుక చివరికి వచ్చాయి. రజాక్ మామ దగ్గాడు. నోరు మూసుకున్నాను.

"మీరన్నది సబబే పటేలా. కౌలుదారు దవాఖానల ఉన్నడు. ఆయన తువ్వాల వచ్చింది. జర చెయ్యి ఇయ్యిండ్రి" అని మామ నా వైపు తిరిగాడు. బావ తువ్వాలను పటేలు చేతి మీద కప్పి, నా చెయ్యి కింద పెట్టాను.

పైన పటేలు కుదరదు, కుదరదు అంటూనే ఉన్నాడు. కింద ఆయన వేళ్లు వేరే మాట మాట్లాడుతున్నాయి. ఆ చెయ్యి మెత్తగా ఉంటుందనుకున్నాను. లేదు. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది. చెయ్యి కొంచెం వణుకుతోంది. ఆయనకు వణుకుందని ఊళ్లో ఎవరికీ తెలియదు. నువ్వూ తెలియనట్టే ఉండు. ఆయన ఒకటి అడిగాడు. నేను ఒకటి ఇచ్చాను. కాసేపు ఆగి నా అరచేతిలో గీత గీశాడు. గీత గీస్తే ఒప్పుకున్నట్టు.

చెయ్యి తీసి, నలుగురి వైపు తిరిగి "రజాక్ సాయిబు ఏరు దాటొచ్చిండు. పెద్దమనిషి మాట తీసేస్తనా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నాగలి పట్టినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. నిటారుగా నిలబడడానికి ఎండ కావాలి, నిజమే. కాని మనిషి వంగడానికి జానెడు నీడ కావాలేమో. ఆ నీడను నేను గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. అట్లాగని అన్ని గుడ్డలూ ఒకటి కావు. వెట్టిని కప్పిన గుడ్డ కనబడితే మళ్లీ గుంజుతాను, నువ్వు వద్దన్నా గుంజుతాను. ముందు ఎద్దు పక్కన ఎవరున్నారో చూసి గుంజుతాను.

కింద ఏం ఇచ్చావని మాత్రం అడగకండి.

కురుమయ్య


కర్నూలు
20 జూలై 1941

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావ మూడుసార్లు చదివించుకున్నాడు. బర్రె మాట వచ్చిన ప్రతిసారీ నవ్వాడు. ఎముక అతుకుతోంది. కర్ర పట్టుకుని వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పోతున్నాడు. శ్రావణం దాటాక ఇంటికి పంపిస్తామన్నారు.

రెండిళ్లవి అని చెప్పినందుకు నేనేమీ అనుకోలేదు. నాకు దొరకని జవాబు అదే.

మొన్న రేణుకమ్మ రైలెక్కి చూడడానికి వచ్చింది. సజ్జరొట్టెలు, పచ్చిపులుసు కుండ తెచ్చింది. సగం పులుసు రైల్లోనే ఒలికింది, దానికి రైలును తిట్టింది. ఊరి సంగతులు చెబుతూ చెబుతూ ఒక మాట జారింది. సోమవారం బసవన్న దినమని మన దిక్కున ఎద్దులకు నాగలి కట్టరు కదా. ఆ రోజు ఎద్దులు చెట్టు కింద పడుకుని నెమరు వేస్తుంటే, నువ్వు పార భుజాన వేసుకుని పటేలు గట్లు పోయడానికి పోతున్నావట. ఏడాది పొడుగునా అన్ని సోమవారాలట. "ఎద్దులకు సెలవుంది, నీ తమ్మునికి లేదు" అంది.

నేను ఆమెను ఇంకేమీ అడగలేదు. నిన్నూ అడగను. మీ బావ అప్పుడు నిద్రలో ఉన్నాడు. లేచాక చెప్పలేదు. తువ్వాల కింది మాట నాకు మాత్రం ఎందుకు?

కోపం తగ్గినప్పుడు రాస్తానన్నాను కదా. తగ్గింది.

నీ చెయ్యి పగిలిందా? ఆముదం రాసుకో. గూట్లో సీసా ఉంది.

అక్క


ధరూరు
5 ఆగస్టు 1941

అక్కా,

పఠనమందిరం తాళంచెవి ప్రభుదాసుకు అప్పగించడానికి మొన్న వనపర్తి పోయాను. కొత్త కరపత్రాల కట్ట ఇచ్చాడు, తెచ్చుకున్నాను. గోడకు మేకు అట్లాగే ఉంది. ఇప్పుడు దానికి లాంతరు తగిలిస్తున్నారు.

అక్కడి నుంచి ఖిల్లా ఘణపూరు నడిచాను. ఎద్దును కొన్న రైతు నేనెవరినని కూడా అడగకుండా దొడ్డి తలుపు తీశాడు.

నీ మొదటి ఉత్తరానికి నేను సరిగా జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎద్దు బూడిదరంగుది. మెడ దగ్గర నలుపు తిరిగింది. ఎడమ చెవి కొసన చిన్న చీలిక ఉంది. బాగా మేపుతున్నారు, ఒళ్లు నునుపెక్కింది. దగ్గరికి పోతే ముందు నన్ను వాసన చూసింది. తర్వాత నా భుజం మీది తువ్వాలను చూసి, నల్లదారం కుట్టిన మూలను నాకింది.

దాని పక్కన ఎవరున్నారని కూడా అడిగావు. చాలాసేపు నేనున్నాను.

కురుమయ్య